ఒక్కరోజు గడువు

కంపెనీ ట్యాబ్‌లకు వైఫై ప్రొఫైళ్ళు పంపే పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేసి, "సార్, మీ సర్వీసులో మిమ్మల్ని బాగా ఏడిపించిన కేసు ఏది?" అని అడుగుతుంటారు. పిడుగు పడి వైఫై పెట్టెలన్నీ కాలిపోయిన కథ చెప్పి పంపించేస్తుంటాను. ఆ కథలో నేను కాస్త గొప్పవాడిగా కనిపిస్తాను. అసలు కేసు మాత్రం ఇది. ఇందులో నేను అలా కనిపించను. రిటైరై ఇంట్లో కూర్చున్నాను కనుక ఇక దాచుకుని చేసేది ఏమీ లేదు.

మాది పాల కంపెనీ. ప్రొద్దుటూరులో ఆఫీసూ ఒక కేంద్రమూ, జమ్మలమడుగులో ఒక కేంద్రం, పులివెందులలో ఇంకొకటి. పల్లెల నుంచి డబ్బాల్లో వచ్చిన పాలను కేంద్రంలో పరీక్షించి, తూచి, కౌంటర్ మీది ట్యాబ్‌లో ఎక్కిస్తారు. ఆ వివరాలు వైఫై మీద ప్రొద్దుటూరు చేరితేనే ట్యాంకర్ కదలడానికి అనుమతి వస్తుంది. ఆ వైఫై నా చేతిలో ఉండేది. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పేవాళ్ళం కాదు. ఆఫీసులో నా కంప్యూటర్ నుంచే ప్రతి ట్యాబ్‌లోకి ఒక ప్రొఫైల్ పంపేవాణ్ణి. ఏ నెట్‌వర్క్‌లో కలవాలి, కలిసేటప్పుడు ఏ సర్టిఫికెట్ చూపాలి అనేది అందులో ఉంటుంది. సర్టిఫికెట్ అంటే మెడలో వేసుకునే గుర్తింపు కార్డు లాంటిదే. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా చెల్లుతుందో దాని మీద ఉంటుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతా సాంకేతిక వివరాలు మీకు అక్కర్లేదు.

పులివెందుల కేంద్రంలో నా పనే చేసే మనిషి ఒకాయన ఉండేవాడు. నాకంటే రెండేళ్ళు చిన్న. గొర్రెలు మేపుకునే ఇంట పుట్టినవాడు. బోరు మోటార్ల స్టార్టర్ పెట్టెలు బాగుచేస్తూ, మా కంపెనీలో జనరేటర్ మెకానిక్‌గా చేరి, చూసి చూసి కంప్యూటర్లు నేర్చుకున్నాడు. నాకు అద్దం కట్టించి గోడకు తగిలించిన డిప్లొమాలు మూడు ఉన్నాయి. ఆయనకు చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట ఒక స్క్రూడ్రైవర్ ఉండేది. జీఎంను "సార్" అనేవాడు, నన్ను మాత్రం "అప్పా" అనేవాడు. అదే నాకు మొదటి మంట.

రెండో మంట, అందరూ ఆయన్నే పిలవడం. జమ్మలమడుగు నా పరిధిలోని కేంద్రం. అక్కడి ఇన్‌చార్జి ఒక రోజు నాతో మామూలుగా అన్నాడు: "నిన్న ప్రింటర్ ఆగిపోయింటే ఆయప్పకు ఫోన్ కొట్టినా సార్. రెండు నిమిషాల్లో చేసేసినాడు. మిమ్మల్ని యాల కష్టపెట్టల్ల అని." కష్టపెట్టకూడదట! ఒళ్ళు మండిపోయింది. ఇంకోసారి, నేను ఊళ్ళో లేనప్పుడు మా ఇంట్లో నెట్ ఆగిపోతే, మా ఆవిడే ఆయనకు ఫోన్ చేసింది. నేను వచ్చేసరికి బాగైపోయి ఉంది. "తీగ ఊడిందని ఆయన ఫోన్‌లోనే కనిపెట్టినాడు. మీరయితే రెండు దినాలు చూస్తాంటిరి" అంది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

ఆయన మెయిళ్ళు రాసేవాడు, రోజుకు రెండు మూడు. మాట్లాడినట్టే రాసేవాడు, చుక్కా కామా ఉండేవి కావు. అవి చదువుతుంటే ఆయన గొంతు వినిపించేది, నాకు చిరాకు పుట్టేది. అందుకని, ఆయన పేరుతో వచ్చే ప్రతి మెయిలూ నా కంటపడకుండా నేరుగా 'తీరికలో' అనే ఫోల్డర్‌లోకి పోయేలా కంప్యూటర్‌కు చెప్పి పెట్టాను. ఆ తీరిక నాకు ఎప్పుడూ దొరకలేదు.

ఇలా ఉండగా జీఎం ఒక కబురు చెప్పారు. మూడు ఊళ్ళకూ కలిపి ఇక ఒకే సిస్టమ్స్ ఇన్‌చార్జి ఉంటాడు. నేనా, ఆయనా అన్నది ఆ వేసవి దాటాక తేలుతుంది. నాకు రిటైర్మెంట్ ఇంకా రెండేళ్ళకు పైగా ఉంది. గొర్రెల ఇంటి మెకానిక్ కింద ఆ రెండేళ్ళూ పనిచేయాల్సి వస్తుందేమో అన్నదే నా భయం.

ఏదో ఒక ఘనకార్యం చేసి చూపించాలి అనుకున్నాను. అప్పటి దాకా మా సర్టిఫికెట్ల గడువు ఏడాది. దాన్ని ఒక్క రోజుకు తగ్గించాను. రోజూ పొద్దున ఐదింటికి ప్రతి ట్యాబ్‌కూ కొత్త సర్టిఫికెట్. చెల్లని కార్డుతో ఏ ట్యాబైనా పదేపదే తలుపు తడితే సర్వర్ దాన్ని గంటసేపు బయటే నిలబెడుతుంది. ట్యాబ్ దొంగలపాలైనా మర్నాటికి పనికిరాదని జీఎంకు రంగురంగుల బొమ్మలు గీసి చూపించాను. పాల మరకలతో జిగురు పట్టిన ఆ ట్యాబ్‌లను ఏ దొంగ ముట్టుకుంటాడని ఆయన అడగలేదు. "భేష్" అన్నారు. చంకలు గుద్దుకున్నాను.

మర్నాడు పొద్దున పులివెందుల ట్యాబ్ నెట్‌వర్క్ నుంచి పడిపోయింది. గంట తర్వాత దానంతట అదే లేచింది. ఆ మర్నాడూ అంతే. ప్రొద్దుటూరు బాగుంది, జమ్మలమడుగు బాగుంది. పులివెందుల ఒక్కటే రోజూ ఆరున్నర ప్రాంతంలో పడిపోయి, ట్యాంకర్‌ను గంటసేపు ఎండలో నిలబెడుతోంది. నిజం చెబుతున్నాను, నాకు సంతోషం వేసింది. తప్పు ఆయన గడపలో ఉంది మరి.

జీపు వేసుకుని వెళ్ళాను. ఎనిమిదింటికి చేరేసరికి ట్యాబ్ నిక్షేపంగా పనిచేస్తోంది. కౌంటర్ దగ్గరి అమ్మాయి, ముప్పై దాటిన మనిషే, నెమ్మదస్తురాలు, నన్ను చూసి లేచి నిలబడింది. ఏమవుతోందని అడిగితే "ఏమో సార్, పడిపోతాది, లేస్తాది" అంది. అంతకుమించి ఒక్క ముక్క రాలలేదు. నేను వైఫై పెట్టె చూపించి, ఇది తప్పు గోడకు బిగించారు, సిగ్నల్ అందక పడిపోతోంది అన్నాను. పక్కనే నిలబడ్డ ఆయన నవ్వాడు.

"సిగ్నలు కాదప్పా అది. నేను రాసినా గదా..." అని ఏదో చెప్పబోయాడు.

"ముందు గోడ మార్చు" అన్నాను.

"యా గోడకు కొట్టమంటావో చెప్పు. మేకులకేమి కరువా" అని స్క్రూడ్రైవర్ తీశాడు. నాతో వాదించడం ఆయనకు ఎప్పుడూ ఇష్టం ఉండేది కాదు, దాన్ని కూడా నేను పొగరు అనుకునేవాణ్ణి.

రెండు వారాల్లో ఆ పెట్టె మూడు గోడలు తిరిగింది. ప్రొఫైల్ తీసేసి మళ్ళీ పంపాను. ట్యాబ్ మార్చాను. నా దగ్గర చెక్‌లిస్టు ఒకటి ఉండేది, నేనే తయారుచేసింది. అందులో మొదటి వరుస: ట్యాబ్ గడియారం, తేదీ సరిగా ఉన్నాయా? కుర్చీలో కూర్చుని, చూడకుండానే, రోజూ దానికి టిక్కు పెట్టాను. కొత్తవాళ్ళకు ఈ కేసు నుంచి నేర్పాల్సిన సాంకేతిక పాఠం ఏదైనా ఉంటే, ఇదొక్కటే. నేను ఆ వరుస ఎందుకు చూడలేదంటే, తప్పు ఆ గోడదే, ఆ మనిషిదే అయి ఉండాలని బలంగా కోరుకున్నాను కనుక.

మూడో వారం జీపు రిపేరుకు పోయింది. తొలి బస్సెక్కి పులివెందులలో దిగి, ఆరుంపావుకల్లా కేంద్రానికి నడిచాను. జీపు హారన్ వినిపించలేదు కాబట్టి నేను వచ్చినట్టు ఎవరికీ తెలియలేదు.

కౌంటర్ ముందు ఏడెనిమిది మంది ఉన్నారు. ముందు వరుసలో కంబళి భుజాన వేసుకున్న ఒక పెద్దామె, కాళ్ళ దగ్గర తడి గోనెపట్ట చుట్టిన రెండు డబ్బాలు. కౌంటర్ అమ్మాయి ఆ డబ్బాల్లోంచి గరిటెడు పాలు తీసి, గాజు గొట్టంలో పోసి, మంట మీద మరిగించి చూసింది. విరగలేదు. తలూపింది. ఆ తర్వాత ట్యాబ్ చేతిలోకి తీసుకుని, సెట్టింగ్స్ తెరిచి, తేదీని ఒక రోజు వెనక్కి జరిపింది. గడియారాన్ని సాయంత్రం ఏడుకు తిప్పింది. పాలు ఎక్కించింది.

"అమ్మా, ఏం చేస్తున్నావు నువ్వు?" అన్నాను.

ట్యాబ్ ఆమె చేతిలోంచి జారబోయింది. సమాధానం పెద్దామె చెప్పింది.

"ఏందప్పా అట్ల గద్దిస్తావు? మాపటి పాలు సామీ ఇవి. వేముల ఆపక్క కొండ కిందుంటాము మేము. మాపటేల బండి మా ఊర్లకు రాకుండా నిలబెట్టిరి. రాత్రంతా బోరు నీళ్ళ తొట్లో పెట్టి, మబ్బున లేసి ఎత్తుకొస్తాండాము. విరిగినయ్యా సూడు. విరగలే."

"పొద్దుటి పాలతో కలిపి ఎక్కిస్తే కంప్యూటర్ తీసుకోదు సార్" అంది అమ్మాయి. "మనిషికి పూటకింత అని ఉండాది గదా, ఎక్కువైందని కొట్టేస్తాది. అందుకే నిన్న మాపటి కింద ఎక్కిస్తాండా. ఐపోతానే తేదీ సరిచేస్తా. రెండు ఎండాకాలాల నుంచి ఇట్లనే. ఎప్పుడూ ఏం కాలేదు సార్. ఈ మధ్యనే..."

ఈ మధ్యనే ఏమైందో ఆమెకు తెలియదు, నాకు తెలిసిపోయింది. అక్కడే, పాల వాసన మధ్య నిలబడి ఉండగానే. ట్యాబ్ తేదీ నిన్నకు పోయినప్పుడు, ఈ రోజు ఐదింటికి పుట్టిన నా సర్టిఫికెట్ దాని దృష్టిలో ఇంకా పుట్టనే లేదు. చెల్లని కార్డుతో తలుపు తట్టింది, నా సర్వర్ గంటసేపు బయట నిలబెట్టింది. గడువు ఏడాది ఉన్నన్నాళ్ళూ ఒక రోజు వెనక్కి పోయినా నష్టం లేదు. పాడు చేసింది నా ఒక్కరోజు గడువు.

తేదీ మార్చే తాళం ఆ ట్యాబ్‌లో తెరిచి ఉంది. మా నిబంధన ప్రకారం తెరిచి ఉండకూడదు. తెరిచే అధికారం ఇద్దరికే ఉంది, నాకూ, ఆయనకూ.

ఇంతలో ఆయన వచ్చాడు. పెద్దామె ముఖం వికసించింది. "ఏం మామా, ఈ సారు యెవురు?" అంది. "మా ఆఫీసు పెద్దాయన లేవమ్మా, ఏం భయపడాకు" అన్నాడు. క్యూలో నిలబడ్డవాళ్ళంతా ఆయనతో మాట్లాడేవాళ్ళే. ఒకడు కూతురు చదువు అడుగుతాడు, ఒకడు మోటరు కాలిందంటాడు, ఒకామె చేతిలో అరటిపళ్ళ అత్తం పెడుతుంది. ప్రొద్దుటూరులో ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేశాను, నాకు ఎవరూ ఒక పండు ఇచ్చిన పాపాన పోలేదు. కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం అంటే ఏమిటో ఆ ఉదయం అనుభవించాను.

"చూసినావా, అయిపాయె" అన్నాడు నాతో. "ఇప్పుడు ఏం చేద్దాం చెప్పు."

"చూద్దాం" అని బస్సెక్కాను.

దారిపొడుగునా నాకు రెండు దారులు కనిపించాయి. గడువు మళ్ళీ ఏడాది చేస్తే సమస్య పోతుంది. కానీ జీఎం దగ్గర నా ఘనకార్యం పోతుంది. తేదీకి తాళం వేసినా సమస్య పోతుంది. అప్పుడు పోయేది ఆయన. ప్రొద్దుటూరు బస్టాండులో దిగేసరికి నిర్ణయం అయిపోయింది. ఆఫీసుకు వెళ్ళి, కుర్చీలో కూర్చుని, ఒక్క నొక్కుతో ట్యాబ్‌లన్నిటికీ తేదీ తాళం వేశాను. ఆ తర్వాత నివేదిక రాశాను. పులివెందుల కేంద్రంలో నిబంధనకు విరుద్ధంగా తేదీ మార్పిడి జరుగుతోందని, దానికి అక్కడి సిస్టమ్స్ ఉద్యోగి వీలు కల్పించాడని, నెట్‌వర్క్ అంతరాయానికి అదే కారణమని. అందులో ఒక్క అబద్ధం లేదు. గడువు మాట మాత్రం లేదు.

వారం తర్వాత జీఎం గదిలో మీటింగు. ఆయన ఉతికిన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు, జేబులో స్క్రూడ్రైవర్ అలాగే ఉంది.

"తాళం తెరిచింది నువ్వేనా?" అని జీఎం అడిగారు.

"నేనే సార్."

"ఎవరికైనా చెప్పావా?"

ఆయన నా వైపు చూశాడు. నేను నా నివేదిక వైపు చూసుకున్నాను. ఆ ఒక్క క్షణం ఆయన నోరు తెరిచి 'ఒక్కరోజు గడువు' అని ఉంటే నా పని అయిపోయేది.

"లేదు సార్, నా తప్పే" అన్నాడు.

బయట వరండాలో చెప్పులు వేసుకుంటూ, "చెప్పినా గదప్పా నీకు" అన్నాడు మెల్లగా. ఆ గోడ దగ్గర చెప్పబోయిన మాట సంగతి అనుకున్నాను. ఏం చెప్పావని అడగలేదు.

ఆయన్ను జమ్మలమడుగుకు మార్చారు, కింది పనికి. మూడు నెలలు చేసి మానేశాడు. ఇన్‌చార్జి పదవి నాకు వచ్చింది. వార్షికోత్సవంలో శాలువా కప్పారు, "పులివెందుల మిస్టరీని ఛేదించిన మనిషి" అని జీఎం మైకులో చెప్పారు. మా ఆవిడ ఆ శాలువాను మడిచి బీరువాలో పెట్టింది. పులివెందుల కౌంటర్ అమ్మాయి మాత్రం ఒకసారి ఫోన్‌లో, "ఆ పై పల్లెల డబ్బాలు రాల్యా సార్ ఇప్పుడు" అంది. నేను నెట్‌వర్క్ ఎలా ఉందని అడిగాను. "అది బాగుండాది సార్" అంది.

బాగానే ఉండింది. రెండేళ్ళు ఒక్కసారి కూడా పడిపోలేదు.

నా రిటైర్మెంట్ రోజు మధ్యాహ్నం, నా తర్వాత వచ్చేవాళ్ళకు అప్పగించడానికి మెయిల్ పెట్టె శుభ్రం చేస్తున్నాను. 'తీరికలో' ఫోల్డర్ కంటపడింది. అన్నీ చదవనివే. తుడిచేద్దామనుకుని, ఇక ఈ రోజు తీరికే కదా అని, ఒక్కటి తెరిచాను. గడువు మార్చిన మర్నాడు పొద్దున పంపినది.

"అప్పా మా ట్యాబు పొద్దున ఒక గంట పడిపాయె నాకు తెల్సు ఎందుకో. కొండ కింది పల్లెల మాపటి పాలు ఎక్కించేదానికి తేదీ వెనక్కి జరుపుతాండాము. తాళం నేనే తీసినా. నువ్వు గడువు ఒక దినం పెట్టినావు దానికి దీనికి పడల్యా. తప్పు ఇద్దరిదీ. గడువు మళ్ళా ఏడాది చెయ్యి. ఎంట్రీలో నిన్న మాపు అని ఒక బటన్ పెట్టు మేము ఇంక తేదీ ముట్టుకోము. నువ్వే కనిపెట్టినట్టు సారుకు చెప్పు నా పేరు వద్దు. ఆ పెద్ద ఉద్యోగం నీకే రానీ నాకు ప్రొద్దుటూరు పడదు శానా ఎండ. జవాబు రాయి."

దాని మీద ఇంకొకటి: "చూసినావా అప్పా." ఆ పైన: "గోడ మార్చినా గాని అది గోడ కాదు నా మెయిలు చూడు." ఇలా దాదాపు నెల రోజులు. ఆఖరిది, జీఎం గదిలో మీటింగు జరిగిన రోజు పొద్దున పంపినది: "ఈ పొద్దన్నా చూడు."

హాల్లో నా కోసం కుర్చీలు వేస్తున్నారు, దండలు తెచ్చారు. నేను గడువును ఏడాదికి మార్చాను. ఎంట్రీ తెర మార్చే అధికారం సాయంత్రం దాకా నాకు ఉంది కాబట్టి, 'నిన్న మాపు' అని ఒక బటన్ పెట్టాను. రెండూ కలిపి అరగంట కూడా పట్టలేదు. ఆ తర్వాత ఆయనకు ఫోన్ చేశాను. వేములలో మోటార్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడని తెలుసు.

"ఏమప్పా, ఈ పొద్దు రిటైరంట గదా" అన్నాడు, నిన్ననే మాట్లాడుకున్నట్టు.

"నీ మెయిల్ చదివాను" అన్నాను.

"యా మెయిలు?"

"మొదటిది. అన్నీ చదివాను. గడువు ఏడాది చేశాను. నువ్వు చెప్పిన బటన్ కూడా పెట్టాను, ఇప్పుడే. నన్ను... నువ్వు ఆ రోజు జీఎం ముందు చెప్పి ఉంటే..."

అవతల మోటరు తిరుగుతున్న చప్పుడు.

"చెప్పింటే నీ ఉద్యోగం గూడా పోతాండె. ఒకరిది పోతే సాలదా" అన్నాడు. "బటన్ పెట్టినావా? మంచి పని చేసినావు. అయితే దాన్ని వొత్తేదానికి ఆడ ఎవురుండారప్పా? ఆ పల్లెల్లో పాడి ఎనుములు అమ్ముకొని రెండేండ్లాయె. కంబళి కప్పుకొనే పెద్దామె ఉండ్ల్యా, ఆమె ఆఖర్న అమ్మింది. దారెంబడి పోతా నా అంగట్లో కూర్చోని ఏడ్సిపాయె."

క్షమించమని అడగబోయాను.

అంతలో ఫోన్‌లో వెనక నుంచి ఎవరో కేక వేశారు. "మామా, మోటరు మళ్ళా నిలిసిపాయె, బిర్న రా!" ఇంకో గొంతు, ఆడమనిషిది, "మాది సూసినంకనే పో మామా" అంది.

"ఉండప్పా, పిలుస్తాండారు. మళ్ళా మాట్లాడతా" అని పెట్టేశాడు.

కంప్యూటర్ తెర మీద మూడు ఊళ్ళ ట్యాబ్‌లూ ఆకుపచ్చ చుక్కలతో సక్రమంగా వెలుగుతున్నాయి. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు, నన్ను పిలవాల్సిన పని ఒక్కరికీ లేదు. హాల్లోకి వెళ్ళి దండ వేయించుకున్నాను. ఫొటో తీసేటప్పుడు కూడా నా చెవుల్లో ఆ 'మామా' అన్న పిలుపే ఉంది. సిగ్గుపడాల్సిన ఆ సమయంలో కూడా, మీతో దాచడం ఎందుకు, నాకు కడుపు మండింది.